మంచును మోసే గాలి

ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణి. మనుచరిత్రలోని ప్రవరుని కథను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క లేదు. అరుణాస్పదపురం విడిచి ఎరుగని ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకొని హిమాలయానికి వెళ్ళడం, ఎండకు కరిగిన మంచునీట ఆ పసరు కరిగిపోవడం, ఇంటికి చేరే దారి తోచక ఆ బ్రాహ్మణుడు దిక్కులు చూడడం – ఇంతవరకు చెప్పి, వరూథిని ప్రవేశానికి ముందు ఒక్క క్షణం ఆగడం నాకు అలవాటు. అలా ఆగిన ఒకనాడు వెనుక బల్ల మీది పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, రోజూ మధ్యాహ్నం అలా కరుగుతూ ఉంటే కొండ మీద మంచు ఎప్పుడో అయిపోవాలి గదండీ? కొత్త మంచు ఎవరు తెచ్చి పోస్తారు?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి, "మేఘాలు తెస్తాయిరా, కూర్చో" అన్నాను.

ఆ సమాధానం తప్పు కాదు. కాని ఆ మేఘాలను ఏ గాలి తెస్తుందో, ఏ ఏడు తెస్తుందో, ఏ ఏడు మొగం చాటేస్తుందో నాకు తెలియదు. తెలియదని ఆ పిల్లవానితో చెప్పనూ లేదు. ఉద్యోగ విరమణ చేసిన తరువాత తీరిక దొరికి, ఆ ప్రశ్న మళ్ళీ గుర్తుకు వచ్చి, భూగోళ శాస్త్ర గ్రంథాలు తిరగేయడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఒక విషయం నన్ను విస్మయపరిచింది. ఎక్కడో నార్వే లోయలలో, ఆండీస్ శిఖరాలలో, కారకోరం పర్వతాలలో మంచు పెరగడానికీ తరగడానికీ కారణం చెప్పే విద్యకు ఒక ముఖ్యమైన వేరు మన కరువు నేలలో ఉన్నది. ఆ కథనే ఇక్కడ చెప్పదలచాను.

ముందుగా హిమానీనదం అంటే ఏమిటో రెండు మాటలు. కొండ మీద ఏటేటా పడిన మంచు కరగగా మిగిలినది పొరలు పొరలుగా పేరుకొని, తన బరువుకు తానే బిగుసుకొని గడ్డగా మారుతుంది. ఆ గడ్డ వాలు వెంట అతి మెల్లగా జారుతూ కిందికి దిగుతుంది. గడ్డకట్టినా పారుతుంది గనుక దానికి నదమన్న పేరు తగినదే. పైభాగంలో రాబడి, కిందిభాగంలో ఖర్చు. పైన కురిసిన మంచు రాబడి. కింద కరిగి పోయినది ఖర్చు. రెంటికీ నడుమ ఒక గీత ఉంటుంది. ఆ గీత పైన ఏడాది చివరికి నిలువ మిగులుతుంది, కింద లోటు పడుతుంది. రాబడి ఎక్కువైన ఏళ్ళు వరుసగా వస్తే నదం కొస ముందుకు సాగుతుంది. ఖర్చు మించితే వెనుకకు జరుగుతుంది. సంసారం చేసినవారికి ఇంతకన్న వివరించనక్కరలేదు.

చలి ఎక్కువైతే మంచు పెరుగుతుంది, వేడి ఎక్కువైతే తరుగుతుంది అని మనం సామాన్యంగా అనుకుంటాము. అది సగం లెక్క. ఎంత చలి ఉన్నా గాలిలో తేమ లేకపోతే మంచు కురవదు. రాబడి రావాలంటే సముద్రం మీది తేమను ఎవరో మోసుకొని రావాలి. ఆ మోత గాలిది. ఇక ఖర్చు విషయంలోనూ గాలికి పాత్ర ఉన్నది. కొత్తగా పడిన మంచు తన మీద పడిన ఎండలో నూటికి 80 పాళ్ళకు పైగా తిప్పి పంపివేస్తుంది. మట్టి పట్టి మాసిన పాత గడ్డ అందులో సగమైనా పంపలేదు. అంటే సకాలంలో పడిన పలుచని మంచు పొర కింద ఉన్న గడ్డకు తెల్ల గొడుగు వంటిది. ఆ ఏడు గాలి దారి తప్పి ఆ పొర పడకపోతే రాబడి పోవడమే కాక ఖర్చు కూడా పెరుగుతుంది.

ఈ గాలులు చిల్లర గాలులు కావు. ఒక మహాసముద్రపు ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డు వరకు వ్యాపించి, నెలల తరబడి ఒకే తీరున వీచే మహాప్రసరణలు. వాటికి ఒక లయ ఉన్నదని మనుషులు ఎలా కనుగొన్నారన్నదే అసలు కథ.

*

మా నాయనమ్మ కంచంలో మెతుకు వదిలితే "ధాత కరువు తలచుకో" అని గదమాయించేది. ఆమె ఆ కరువును చూడలేదు. ఆమె పెద్దలు చూశారు. ధాత నామ సంవత్సరం అంటే 1876. ఆ ఏడు వానలు తప్పాయి, మరుసటి ఏడు కూడా సరిగా కురవలేదు. బళ్ళారి, కర్నూలు, కడప మండలాలు మొదలుకొని మైసూరు, దక్కను, బొంబాయి రాజధాని వరకు నేల బీటలు వారింది. 1878 వరకు సాగిన ఆ క్షామంలో మరణించినవారు 50 లక్షలకు పైగానే అని చరిత్రకారుల అంచనా. వాన లేకపోవడం ఒక కారణం. ధాన్యం ఉన్నచోటి నుండి లేనిచోటికి చేర్చని ప్రభుత్వ విధానం మరొక కారణం. ఇది మరువరాదు.

అప్పటికి ఏడాది ముందే, 1875లో, భారత వాతావరణ శాఖ కలకత్తాలో ఏర్పడింది. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అనే ఆయన. శాఖ పుట్టీ పుట్టగానే కరువు వచ్చిపడింది. రాబోయే వానలు ఎలా ఉంటాయో ముందుగా చెప్పగలరా అన్న ప్రశ్న ఆయన ముందు నిలిచింది. బ్లాన్‌ఫర్డ్ ఉత్తరంగా చూశాడు. హిమాలయాల మీద వసంతంలో మంచు అతిగా, ఆలస్యంగా కురిసిన ఏళ్ళలో, ఆ తరువాతి వానలు సన్నగిల్లడం గమనించాడు. మంచు కప్పిన నేల వేడెక్కదు; వేడెక్కని నేల సముద్రపు గాలిని బలంగా లాగదు; పైగా ఆ వైపు నుండి పొడిగాలులు వీస్తాయి. ఈ సంగతిని 1884లో లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. ఈ ఆధారంతో వానాకాలపు ముందస్తు అంచనాలు వెలువడసాగాయి. కొండ మీది మంచుకూ మైదానపు వానకూ సంబంధం ఉన్నదని లెక్కగా చెప్పిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. ఆనాడు ఎవరూ మంచు కోసం మంచును చూడలేదు. అన్నం కోసం చూశారు.

బ్లాన్‌ఫర్డ్ తరువాత జాన్ ఇలియట్ వచ్చాడు. ఆయన అంచనాలు మరింత విస్తారమైనవి. కాని 1899లో వానలు బాగుంటాయని చెప్పిన మాట తలక్రిందులై, మరొక ఘోర క్షామం దాపురించింది. మంచు ఒక్కటే వానను శాసించదని తేలిపోయింది. ఇక ఎవరు చెప్పగలరు?

ఆ బరువు 1904లో గిల్బర్ట్ వాకర్ భుజాల మీద పడింది. ఆయన కేంబ్రిడ్జి గణిత పండితుడు. వాతావరణ శాస్త్రంలో పూర్వానుభవం లేదు. గాలిలోకి విసిరితే తిరిగి విసిరినవాని వద్దకే వచ్చే బూమరాంగుల గమనాన్ని గణితంతో విప్పి చెప్పిన సరదా మనిషి. మన శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రోజులలో, 1913లో, ఆయన నోటు పుస్తకాలు చూసి, ఇతనికి ఉపకార వేతనమిచ్చి చదివించండని మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉత్తరం వ్రాసినవాడు ఈ వాకరే. అంకెలలో దాగిన క్రమాన్ని పసిగట్టే చూపు ఆయనకు ఉన్నదనడానికి ఇదొక నిదర్శనం.

గాలి ఏ సూత్రం ప్రకారం వీస్తుందో తెలియనప్పుడు అంకెలనే అడుగుదామనుకున్నాడు వాకర్. లోకంలో ఎక్కడెక్కడ వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం కొలిచి వ్రాసిపెట్టారో ఆ పట్టికలన్నీ తెప్పించాడు. భారతీయ గుమాస్తాలను కూర్చోబెట్టి, ఒకచోటి కొలత పెరిగినప్పుడు మరొకచోటి కొలత పెరిగిందా తగ్గిందా అని వేలకొద్దీ లెక్కలు కట్టించాడు. యంత్రాలు లేని కాలం. ఆ గుమాస్తాల పేర్లు చరిత్ర పుటలలో వాకర్ పేరు పక్కన కానరావు. వారి చేతి వ్రాత లేనిదే ఈ విద్య లేదు.

ఆ లెక్కలలో నుండి మూడు తూగుటుయ్యాలలు బయటపడ్డాయి. మొదటిది దక్షిణ డోలనం. పసిఫిక్ మహాసముద్రం మీద పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపున తగ్గుతుంది. అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరుగుతుంది. రెండవది ఉత్తర అట్లాంటిక్ డోలనం. ఐస్‌లాండు దగ్గర ఉండే అల్పపీడనానికీ అజోర్స్ దీవుల దగ్గర ఉండే అధికపీడనానికీ మధ్య తూగే ఉయ్యాల. మూడవది ఉత్తర పసిఫిక్ డోలనం. ఈ పేర్లు వాకర్ పెట్టినవే. 1924లో ఆయన పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్ళాడు.

అట్లాంటిక్ ఉయ్యాల సంగతి వాకర్‌కు ముందు ఎవరికీ తెలియదనరాదు. డెన్మార్కులో శీతకాలం కఠినంగా ఉన్న ఏడు గ్రీన్‌లాండులో మెత్తగా ఉంటుందనీ, అక్కడ కఠినమైన ఏడు ఇక్కడ మెత్తనవుతుందనీ హాన్స్ ఎగెడె సాబీ అనే మతప్రచారకుడు 18వ శతాబ్దంలోనే తన దినచర్యలో వ్రాసుకున్నాడు. నావికులకూ తెలిసినదే. వాకర్ చేసినది ఆ అనుభవాన్ని అంకెలలోకి దించి, లోకమంతటి గాలుల లెక్కలో దాని చోటు చూపడం.

ఇంత చేసినా, వాకర్ వచ్చిన పని నెరవేరలేదు. రాబోయే కరువును నమ్మకంగా ముందు చెప్పగల సూత్రం ఆయనకు చిక్కలేదు. గాలుల పోకడ వెనుక ఉన్న భౌతిక కారణం చెప్పకుండా అంకెల పొందికలు చూపితే ఏమి లాభమని తోటి శాస్త్రజ్ఞులు పెదవి విరిచారు. 1958లో ఆయన మరణించేనాటికి ఆ కృషి ఫలించలేదన్న అభిప్రాయమే బలంగా ఉండేది. పదకొండేళ్ళ తరువాత, 1969లో, జేకబ్ బ్యర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు పసిఫిక్ మీద తూర్పు పడమరల మధ్య తిరిగే గాలి చక్రానికీ, పెరూ తీరంలో సముద్రం వేడెక్కే ఎల్ నినోకూ ఉన్న లంకెను విప్పి చూపి, ఆ చక్రానికి వాకర్ ప్రసరణ అని పేరు పెట్టాడు. ధాత కరువు నాటి 1877లోనూ పసిఫిక్‌లో బలమైన ఎల్ నినో ఉన్నదని తరువాతి పరిశోధకులు నిర్ణయించారు. బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల వైపు చూసిన నాడు, అసలు కారణంలో పెద్ద పాలు ఆయన వీపు వెనుక, పసిఫిక్‌లో ఉన్నదన్నమాట.

*

ఇప్పుడు ఈ ఉయ్యాలలను కొండల మీద ఉంచి చూద్దాము. మొదట నార్వే.

ఐరోపా ప్రధాన భూభాగం మీద అన్నింటికన్న పెద్దదైన మంచు మైదానం నార్వే పశ్చిమ భాగంలోని యోస్టెడాల్స్‌బ్రేన్. దాని నుండి నాలుకల వలె అనేక నదాలు లోయలలోకి దిగుతాయి. వాటిలో ఒకటి 18వ శతాబ్దపు మొదటి అర్ధభాగంలో ఆగకుండా ముందుకు సాగి, లోయలోని పొలాలను తొక్కుకుంటూ వచ్చి, నిగార్డ్ అనే రైతు కమతాన్ని మింగివేసింది. 1748 నాటికి దాని విస్తృతి పరాకాష్ఠకు చేరింది. ఆ లోయలలోని రైతులు మంచు మా భూములు తినేసింది, శిస్తు తగ్గించండని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. మంచు మింగిన కమతం పేరే మంచుకు మిగిలింది; నేటికీ ఆ నదాన్ని నిగార్డ్స్‌బ్రేన్ అంటారు. వాన లేక రాయలసీమ రైతు, మంచు ఎక్కువై నార్వే రైతు – శిస్తు వజా చేయమన్న అర్జీ మాత్రం ఒక్కటే.

ఆ విజృంభణకు ఆనాటి చలి ఒక్కటే కారణమని చాలాకాలం అనుకున్నారు. మెత్తని, తేమ నిండిన శీతకాలాలు వరుసగా వచ్చి విపరీతంగా మంచు కురిపించడమే ముఖ్య కారణమని నార్వే పరిశోధకులు తరువాత వాదించారు. వారికి ఆ ఊహ కలగడానికి తమ కళ్ళ ముందు జరిగిన ఉదాహరణ ఒకటి ఉన్నది.

1990ల నాటికి లోకంలో పర్వత హిమానీనదాలు చాలావరకు వెనుకకు జరుగుతున్నాయి. ఆల్ప్స్‌లో సాగిన తరుగుదల ప్రపంచమంతా చూసింది. అదే సమయంలో నార్వే పడమటి తీరంలోని నదాలు ముందుకు నడిచాయి. బ్రిక్స్‌డాల్స్‌బ్రేన్ అనే నిటారు నదం కొన్ని వందల మీటర్లు సాగి, తన ముందున్న సరస్సును పూర్తిగా కప్పివేసింది. భూమి వేడెక్కుతున్నదన్న మాట అబద్ధమనడానికి దీనిని సాక్ష్యంగా చూపినవారూ ఉన్నారు.

జవాబు వాకర్ ఉయ్యాలలో ఉన్నది. 1989 నుండి 1995 వరకు శీతకాలాలలో ఐస్‌లాండు అల్పపీడనం, అజోర్స్ అధికపీడనం రెండూ బలంగా ఉన్నాయి. రెంటి మధ్య తేడా పెరిగితే అట్లాంటిక్ మీదుగా పశ్చిమ పవనాలు ఉధృతంగా వీస్తాయి. అవి తెచ్చిన తేమ నార్వే కొండలకు తగిలి మంచుగా కురిసింది. అదే ఉయ్యాల అదే వైపు తూగినప్పుడు దక్షిణ ఐరోపా మీద అధికపీడనం తిష్ఠ వేసి, ఆల్ప్స్ పరిసరాలలో శీతకాలాలు పొడిగా గడుస్తాయి. ఒకే గాలి ఒక కొండకు పెట్టింది, మరొక కొండకు ఎగ్గొట్టింది. ఉయ్యాల మళ్ళీ ఇటు తూగింది, వేసవులు వేడెక్కాయి, 2000 తరువాత బ్రిక్స్‌డాల్స్‌బ్రేన్ వేగంగా వెనుదిరిగింది. మంచు కింద దాగిన సరస్సు మళ్ళీ బయటపడింది. ఇప్పుడు అక్కడికి వెళ్ళేవారు నీటి ఒడ్డున నిలబడి పైనెక్కడో ఉన్న మంచును చూస్తారు.

రెండవ ఉయ్యాలను ఆండీస్ పర్వతాల మీద చూడాలి. బొలీవియాలో లా పాజ్ నగరం దగ్గర చకల్తాయా అనే చిన్న హిమానీనదం ఉండేది. సముద్రమట్టానికి 5,000 మీటర్ల పైన, మంచు మీద జారే ఆటకు పేరు మోసిన చోటు. 1990ల ఆరంభం నుండి శాస్త్రజ్ఞులు దాని జమాఖర్చులు కొలిచారు. అక్కడ వానకారు డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు. ఎండ మండేదీ అప్పుడే. మామూలు ఏళ్ళలో ఆ ఎండకాలంలోనే కొత్త మంచు పడి తెల్ల గొడుగు పడుతుంది. ఎల్ నినో వచ్చిన ఏడు తేమ రాక తగ్గి, గొడుగు లేని మాసిన గడ్డ మీద నడినెత్తి సూర్యుడు కాస్తాడు. 1997–98 నాటి బలమైన ఎల్ నినో దానిని కోలుకోలేని దెబ్బ తీసింది. ఎల్ నినో లేని ఏళ్ళలో కొంత ఊరట ఉన్నా లోటు తీరలేదు. 2009లో చకల్తాయా మంచు పూర్తిగా అంతరించింది. పేరు మిగిలింది, కొండ మిగిలింది.

ఇందులో ఒక పాఠం ఉన్నది. గాలి ఉయ్యాల అటూ ఇటూ తూగుతుంది. ఏ ఉయ్యాలా ఒకవైపే ఉండిపోదు. చెడ్డ ఏడు తరువాత మంచి ఏడు వచ్చినప్పుడు పోయినది తిరిగి రావాలి. అలా రాకపోతే ఉయ్యాల కట్టిన దూలమే కిందికి దిగుతున్నదని అర్థం. ఆ దూలం భూమి సగటు ఉష్ణోగ్రత. ఏ ఏడు ఎంత మంచు అన్నది చాలావరకు గాలి నిర్ణయిస్తుంది. తరాల మీద మంచు మిగులుతుందా లేదా అన్నది వేడి నిర్ణయిస్తుంది.

*

ఇక మన హిమాలయాలు. ప్రవరుని పసరు కరిగించిన మంచును ఎవరు తెచ్చారన్న నా శిష్యుని ప్రశ్నకు ఇక్కడ రెండు జవాబులున్నాయి, ఎందుకంటే హిమవంతునికి రెండు గాలులు అన్నం పెడతాయి.

మేఘదూతంలో కాళిదాసు మేఘాన్ని రామగిరి నుండి ఉత్తరంగా అలకాపురికి పంపాడు. ఆషాఢ మేఘం దక్షిణం నుండి కొండల వైపు సాగుతుందన్న ఆ లోకజ్ఞానం నేపాలు, సిక్కిం వైపు హిమాలయాలకు సరిగ్గా అన్వయిస్తుంది. అక్కడి ఏడాది వర్షపాతంలో అధికభాగం నైరుతి ఋతుపవనాలు తెచ్చేదే. వేసవిలోనే పైన మంచు కురుస్తుంది, వేసవిలోనే కింద కరుగుతుంది. రాబడి, ఖర్చు ఒకే కాలంలో. ఇటువంటి నదాలకు కాస్త వేడి పెరిగినా ప్రమాదం రెండింతలు. మంచుగా పడవలసినది వానగా పడుతుంది గనుక రాబడి పోతుంది. తెల్ల గొడుగు పడదు గనుక కరుగుదల హెచ్చుతుంది.

రెండవ గాలిని కాళిదాసు పంపలేదు. అది మధ్యధరా సముద్రం వైపు నుండి శీతకాలంలో వచ్చే పశ్చిమ గాలి. దాని మీద తేలివచ్చే అలజడులను పశ్చిమ కల్లోలాలని మన వార్తలలో వింటూ ఉంటాము. పంజాబు గోధుమకు తడి ఇచ్చేవీ, కాశ్మీరును, కారకోరం పర్వతాలను మంచుతో కప్పేవీ ఇవే. సింధునదికి ఈ మంచే ప్రాణం. ఈ సింధు ఎగువ భాగంలో శీతకాలపు మంచువానకూ ఉత్తర అట్లాంటిక్ డోలనానికీ సంబంధం ఉన్నదని 2004లో ఆర్చర్, ఫౌలర్ అనే పరిశోధకులు చూపారు. అట్లాంటిక్ ఉయ్యాల బలంగా తూగిన ఏడు సింధు కొండలకు మంచు హెచ్చు. భారతదేశపు వానలకు సూత్రం వెతుకుతూ వాకర్ అట్లాంటిక్ దాకా వెళ్ళాడు. వానకు దొరకని లంకె మంచుకు దొరికింది.

కారకోరం నదాలు కొంతకాలం లోకాన్ని ఆశ్చర్యపరిచాయి. తూర్పున ఉన్నవి తరుగుతూ ఉంటే ఇవి నిలకడగా ఉన్నాయి, కొన్ని పెరిగాయి కూడా. 2005లో కెనెత్ హ్యూయిట్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు దీనిని కారకోరం వైపరీత్యమన్నాడు. శీతకాలపు మంచు ఎక్కువ కావడం, పైగాలుల తీరు వల్ల వేసవులు కొంత చల్లబడడం దీనికి కారణాలుగా చెబుతారు. అటు గంగోత్రి వైపు సంగతి వేరు. 1935లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన జాన్ ఆడెన్, ప్రసిద్ధ ఆంగ్ల కవి ఆడెన్‌కు అన్న, గోముఖం దగ్గర నదం కొస ఎక్కడున్నదో కొలిచి పటం గీశాడు. ఆ పటమే తరువాతివారికి మొలబంటి. అక్కడి నుండి 1996 వరకు గంగోత్రి ఏటా సగటున సుమారు 19 మీటర్ల చొప్పున వెనుకకు జరిగింది.

ఒక కొండ పెరగడం, ఒక కొండ తరగడం చూసి తొందరపడినవారు రెండు వైపులా ఉన్నారు. అంతర్జాతీయ వాతావరణ మార్పుల సంఘం 2007 నాటి తన నాలుగవ నివేదికలో, 2035 నాటికి హిమాలయ హిమానీనదాలు అంతరించిపోవచ్చునన్న వాక్యానికి చోటిచ్చింది. ఆధారం లేని ఆ మాటను పట్టుకొని పత్రికలు గంగ ఎండిపోతుందని హోరెత్తించాయి. 2010 జనవరిలో ఆ సంఘం తన పొరపాటు ఒప్పుకున్నది. అంతట రెండవ పక్షంవారు లేచి, చూశారా, అంతా బూటకమే, కారకోరంలో మంచు పెరుగుతున్నది గదా అన్నారు. మొదటివారు గాలిని మరిచారు; రెండవవారు గాలిని మాత్రమే చూశారు.

కాలం ఆ వాదాన్ని తేల్చింది. ప్రపంచంలోని హిమానీనదాలన్నింటినీ ఉపగ్రహ చిత్రాలతో కొలిచి 2021లో వెలువరించిన ఒక అధ్యయనం, ఇటీవలి సంవత్సరాలలో కారకోరం మంచు కూడా పలుచబడసాగిందని చూపింది. 2011–2020 మధ్య హిందూకుష్ హిమాలయాలలో నదాలు అంతకు ముందు దశాబ్దం కంటే నూటికి 65 పాళ్ళు అధిక వేగంతో తరిగాయని కాట్మండులోని పర్వత పరిశోధన కేంద్రం 2023లో ప్రకటించింది. 2035లో హిమాలయం బోసిపోదు. అంతమాత్రాన నిశ్చింతగా ఉండదగినదీ లేదు. గాలి దయతలచిన చోట కొంత ఆలస్యంగా, తలచని చోట ముందుగా, దిశ మాత్రం ఒక్కటే.

*

కృష్ణా గోదావరులకు హిమానీనదాలు లేవు. అవి పడమటి కనుమల వాననీటి బిడ్డలు. అయినా మన చెరువు నిండడాన్నీ, సిక్కిం కొండ మీద మంచు పడడాన్నీ నిర్ణయించేది ఒకే ఋతుపవనం. ఆ ఋతుపవనాన్ని ఊపేది అదే దక్షిణ డోలనం. ధాత కరువు నాడు మన పెద్దలు ఆకాశం వైపు చూసి అడిగిన ప్రశ్నే తిరిగి తిరిగి ఈ విద్య అయింది. ప్రశ్న అడిగినవారికి జవాబు అందలేదు. అందిన జవాబు వారి మనుమల మనుమలకు పనికివస్తున్నది.

నా శిష్యుడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. నలభై దాటి ఉంటాడు. కనబడితే ఇలా చెప్పాలని ఉన్నది: "నాయనా, ఆనాడు నిన్ను కూర్చోమన్నాను, నీవు అడిగినది మంచి ప్రశ్న. మంచును గాలి తెస్తుంది. ఒక కొండకు అట్లాంటిక్ గాలి, ఒక కొండకు పసిఫిక్ ఊపిన గాలి, మరొక కొండకు మన ఋతుపవనం. ఒక్కొక్క ఏడు ఎక్కువ తెస్తాయి, ఒక్కొక్క ఏడు తక్కువ తెస్తాయి. వేలయేళ్ళుగా తెచ్చినదీ కరిగినదీ ఇంచుమించు సరితూగుతూ వచ్చాయి గనుకనే ప్రవరుడు వెళ్ళిన నాటికి అక్కడ మంచు ఉన్నది. ఇప్పుడు గాలి తేవడం మానలేదు. మనమే పొయ్యి మంట పెంచాము."

ప్రవరుడు పసరు కరిగిన తరువాత అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరాడు. మనకు ఆ దారి లేదు. అగ్నిని తగ్గించుకోవడమే మన దారి.

విషయం నాకు కొత్తది. ఎక్కడైనా పొరబడి ఉంటే విజ్ఞులైన మిత్రులు దిద్దగలరు.